తొమ్మిదో వరస

ఆ మంగళవారం ఉదయం శశిభూషణ్ రెండో ఇడ్లీని చట్నీలో ముంచుతుండగా మెట్ల మీద ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడైంది. రాజమహేంద్రవరం దానవాయిపేటలో, మందుల షాపు మీదున్న ఆ రెండు గదుల ఆఫీసుకి ఎవరూ పరుగెత్తుకుంటూ రారు. మెట్టుమెట్టుకీ ఆగి, అటూ ఇటూ చూసుకుని, మొహం చాటేసుకుంటూ వస్తారు. ప్రైవేటు డిటెక్టివ్ దగ్గరికి వెళ్లారని నలుగురికీ తెలిస్తే ఏం బాగుంటుంది చెప్పండి!

"మేష్టారూ, ఆ ఇడ్లీ పక్కన పెట్టండి. వచ్చేది దొంగతనం కేసు కాదు, ప్రాణం కేసు," అంది సూర్యకళ తలెత్తకుండానే.

సూర్యకళకి యాభై రెండేళ్లు. పోలీసు శాఖ వేలిముద్రల విభాగంలో ఇరవై ఏళ్లు పనిచేసింది. పైవాళ్లు చెప్పినట్టు రిపోర్టు రాయనని భీష్మించుకుని ఉద్యోగం వదిలేసుకుని ఈ డిటెక్టివ్ ఆఫీసు పెట్టింది. ఒళ్లో ఎప్పుడూ ఒక పలక, వేళ్ల మధ్య బలపం. కాగితం మీద రాస్తే రాసినదాని మీద మమకారం పెరుగుతుందనీ, పలకైతే తప్పు తుడిచేయడానికి మనసొప్పుతుందనీ అంటుంది. గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరై, సహాయకుడిగా చేరిన శశిభూషణ్ ఆమె కంటే పదేళ్లు పెద్ద. అయినా ఆమె నోరు విప్పితే చాలు, చెవులు రిక్కించి కూర్చుంటాడు. "అందులో సగం శ్రద్ధ నా మాట మీద పెట్టుంటే మన కాపురం ఇంకెంత బాగుండేదో," అని ఇంట్లో ఆయన భార్య దెప్పుతూనే ఉంటుంది.

తలుపు తోసుకుని లోపలికొచ్చిందో అమ్మాయి. ఇరవై ఆరేళ్లుంటాయి. జడ సగం ఊడిపోయింది, భుజాన లాప్‌టాప్ సంచి వేలాడుతోంది. పేరు శ్రీసుధ అంది. శశిభూషణ్ ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా చేత్తో పట్టుకునే మాట్లాడింది.

"నా సంగతి తర్వాతండి. ముందు ఆవిడని కాపాడాలి."

"ఎవర్నమ్మా?"

"హైమ అని, నెలలు నిండాయండి. రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఆపరేషన్ చేసి బిడ్డని తీయాలి. ఆవిడది బొంబాయి గ్రూపు రక్తం. పదివేల మందిలో ఒకళ్లకుంటే గొప్పట. వేరే ఏ రక్తం ఎక్కించినా ప్రాణానికే ముప్పు. ఒక్క బ్యాగన్నా చేతిలో లేకుండా కత్తి పట్టుకోలేనన్నారు డాక్టరుగారు. అలాగని ఆపరేషన్ ఆపితే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరండి."

"ఆ రక్తం ఉన్నవాళ్లు ఈ చుట్టుపక్కల ఎవరూ లేరా?"

"ఒక్కడున్నాడండి. ఉన్నాడంటే... మొన్నటిదాకా ఉన్నాడు. నా పట్టికలోంచి మాయమైపోయాడు."

సూర్యకళ పలక తుడిచింది. "కూర్చుని నిదానంగా చెప్పు. మా మేష్టారికి కంప్యూటర్లు తెలియవు, ఆయనకి అర్థమయ్యేలా చెప్పు. ఆయనకి అర్థమైతే ఎవరికైనా అర్థమైనట్టే."

శశిభూషణ్ దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు.

శ్రీసుధ చెప్పిన సంగతి ఇది. గోదావరి గట్టు దగ్గర జీవధార రక్తదాతల సంఘం అని ఒకటుంది. ఎవరికి రక్తం కావాలన్నా అక్కడికి ఫోన్ చేస్తారు. పద్దెనిమిదేళ్లుగా దాతల వివరాలన్నీ ఒకే డేటాబేస్‌లో, అందులోనూ ఒకే ఒక్క పెద్ద పట్టికలో ఉండేవి. ఒక మనిషి పదిసార్లు రక్తమిస్తే అతని పేరు, ఊరు, ఫోను, గ్రూపు పదిసార్లూ ఎక్కించేవారు. ఫోను మారితే ఒకచోట దిద్ది తొమ్మిదిచోట్ల వదిలేసేవారు. ఆపదలో ఉన్నవాళ్లు పాత నెంబర్లకి ఫోన్లు చేసి చేసి విసిగిపోయేవారు. దాన్ని బాగుచేయడానికి శ్రీసుధని పిలిచారు. ఆమె మూడు నెలలు కూర్చుని డేటాబేస్ భాషైన ఎస్‌క్యూఎల్‌తో ఆ పట్టికని విడదీసింది. మనుషులకొక పట్టిక, చేసిన దానాలకొక పట్టిక, బ్లడ్ గ్రూపులకొక పట్టిక. ప్రతి మనిషికీ ఒక నెంబరు. మిగతా పట్టికల్లో ఆ నెంబరొక్కటే ఉంటుంది.

"అయితే పుస్తకానికొక కార్డు, సభ్యుడికొక కార్డు. ఎవరు ఏది తీసుకెళ్లారో చెప్పడానికి మూడో చిట్టీ," అన్నాడు శశిభూషణ్. "మా లైబ్రరీలో ముప్పై ఏళ్లు చేసింది అదేగా!"

"అచ్చంగా అదేనండి." శ్రీసుధ మొహంలో మొదటిసారి కాస్త వెలుగొచ్చింది. "గ్రూపుల పట్టికలో అందరూ ఎనిమిది వరసలు పెడతారండి. నేను తొమ్మిదో వరస కూడా పెట్టాను, బొంబాయి గ్రూపుకి. ఒకే ఒక్క మనిషి కోసం పెట్టాను కాబట్టి నాకు బాగా గుర్తు. గుబ్బల సత్తియ్య, ఊరు చింతలలంక. నిన్న చూస్తే ఆ తొమ్మిదో వరస అలాగే ఉంది, దానికి ఎదురుగా మనిషే లేడు."

"అసలు గుబ్బల సత్తియ్య అన్న పేరే లేదా?"

"ఉందండి. అదే నాకు పిచ్చెక్కిస్తోంది. అదే పేరు, అదే ఊరు, అదే ఫోను. గ్రూపు మాత్రం ఓ పాజిటివ్. ప్రెసిడెంటుగారు ఫోన్ చేస్తే ఆ సత్తియ్య కూడా ఓ పాజిటివే అన్నాడు. నేను పట్టిక పాడుచేసి, లేని మనిషిని ఉన్నాడంటున్నానని ప్రెసిడెంటుగారు అందరి ముందూ తిట్టారు. తిడితే తిట్టారు లెండి. కానీ ఆ మనిషి ఎక్కడో ఉన్నాడండి. నేను చేసిన పని వల్లే దొరక్కుండా పోయి, ఆవిడకేమన్నా అయితే..."

మాట పూర్తికాకుండానే సూర్యకళ చెప్పులేసుకుంది.

---

సంఘం ఆఫీసు గుమ్మంలో ఒక యువకుడు మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. హైమ భర్త దుర్గాసాయి. లోపల ప్రెసిడెంటు జగన్నాథరావు, పద్దెనిమిదేళ్లుగా వివరాలు ఎక్కిస్తూ వచ్చిన లాజరు, దాతల కోసం ఫోన్ యాప్ తయారుచేసిన విజయ్ పాల్ ఉన్నారు.

జగన్నాథరావుకి మండపేట దగ్గర ముప్పై ఎకరాల మాగాణి, దానికి తగ్గ గొంతూ ఉన్నాయి. "డిటెక్టివ్ ఎందుకండీ ఇప్పుడు? తప్పెవరిదో తెలుస్తూనే ఉందిగా! పద్దెనిమిదేళ్లు నిక్షేపంలా నడిచిన పట్టిక, ఈ అమ్మాయి ముక్కలు చేశాక ఒక మనిషి మాయమయ్యాడంటోంది."

"ఈ వివరాలు కాగితం మీద ఎక్కడా లేవాండి?" అంది సూర్యకళ.

"చెదలు తినేశాయండి," అన్నాడు లాజరు నెమ్మదిగా. "కానీ ఆ బొంబాయి గ్రూపు కుర్రోడు ఉన్నాడమ్మా. గ్రూపు తేలినప్పుడు ల్యాబువాళ్లు నాకే ఫోన్ చేశారు. నా చేత్తో నేనే ఎక్కించాను. ముసలాడికి మతిపోయిందనుకుంటున్నారు గానీ..."

"పాత డేటాబేస్ కాపీ?"

"బీరువాలో పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. నిన్న తీసి చూస్తే ఖాళీ. తాళంచెవి కేలెండరు పక్కనే మేకుకి వేలాడుతుంటుందండి, ఎవరైనా తీయొచ్చు."

సూర్యకళ కంప్యూటరు దగ్గరికి వెళ్లింది. తెర అంచున పసుపు చీటీ ఒకటి అంటించి ఉంది. దాని మీద శ్రీసుధ లాగిన్ పేరు, పాస్‌వర్డు.

"ఇదేంటమ్మా?"

శ్రీసుధ తల దించుకుంది. "నేను లేనప్పుడు పని ఆగిపోకూడదని లాజరుగారి కోసం పెట్టానండి. బుద్ధి తక్కువైంది."

"లాగిన్ల చిట్టా ఉంటుందా?"

విజయ్ పాల్ అందుకున్నాడు. ముప్పై ఏళ్ల తుని కుర్రాడు, మాటలో తొందరెక్కువ. "ఎవరు ఎప్పుడు లాగినయ్యారో ఉంటుందండి. లోపల ఏం చేశారో ఉండదు. యాప్ ప్రారంభోత్సవం రోజు పొద్దున్న తొమ్మిదీ నలభైకి ఈ కంప్యూటర్ నుంచే శ్రీసుధ మేడం ఐడీ లాగిన్ ఉంది. చూసుకోండి."

"అప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?"

"గుమ్మంలో ముగ్గేస్తున్నానండి."

"ఎవరన్నా చూశారా?"

అందరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఆ పొద్దున్న ఎవరి హడావిడి వాళ్లది.

"ఆ రోజు బాగా జరిగిందా అండి?" అని ఏమీ ఎరగనట్టు అడిగింది సూర్యకళ.

జగన్నాథరావు గొంతు మెత్తబడింది. "బ్రహ్మాండంగా జరిగిందండి! పొద్దున్న పెద్ద టీవీ మీద యాప్ కాస్త మొరాయించింది, ఎర్రక్షరాలు చూపించింది. అతిథులొచ్చే వేళకి మన విజయ్ పాల్ పది నిమిషాల్లో సరిచేసేశాడు. పేరూ ఫోనూ కొడితే చాలు, దాత వివరాలు టక్కున వచ్చేశాయి."

"నా యాప్ బానే ఉందండి," అన్నాడు విజయ్ పాల్. "పట్టిక చెడగొట్టింది ఆవిడ. నలభై ఒక్క పేర్లు గల్లంతు చేసి, ఇప్పుడు నాకేం తెలీదంటే ఎలా?"

సూర్యకళ పలక మీద ఏదో గీసి, చీర చెంగుతో తుడిచేసింది. శశిభూషణ్ మెడ సాచినా ఏం రాసిందో కనపడలేదు. ఈ ఒక్క విషయంలో ఆమె ఆయన్ని కొంచెం ఏడిపిస్తూ ఉంటుంది.

"శ్రీసుధా, ఆ ఓ పాజిటివ్ సత్తియ్య ఎప్పుడెప్పుడు ఎక్కడెక్కడ రక్తమిచ్చాడో తెర మీదకి తెప్పించు."

తొమ్మిది తేదీలు వచ్చాయి. వాటిలో మూడింటిని సూర్యకళ పలక మీదకి ఎక్కించింది. ఒకటి చింతలలంక క్యాంపు. రెండోది దానికి సరిగ్గా పన్నెండు రోజుల తర్వాత, శివరాత్రి నాడు పట్టిసీమలో. మూడోది మరుసటి ఏడాది శివరాత్రికి, మళ్లీ పట్టిసీమలోనే.

"లాజరుగారూ, ఒకసారి ఇచ్చిన మనిషి దగ్గర మళ్లీ ఎన్నాళ్లకి తీసుకుంటారు?"

"మూడు నెలలమ్మా. అంతకు ముందు ఛస్తే తీసుకోరు."

సూర్యకళ ఫోన్ తీసి, తెర మీదున్న నెంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టింది.

"ఆయ్, చెప్పండి," అంది అవతలి గొంతు. వెనకాల ట్రాక్టరు మోత.

"సత్తియ్యగారా? నమస్కారమండి. మీ తాతగారి పేరేంటండి?"

"తాత పేరా? సత్తియ్యేనండి. ఆయన పేరే నాకు పెట్టారు. ఏం, ఎందుకండి?"

"మీ తాతగారికి కొడుకులెంతమంది?"

"ఇద్దరండి. మా నాన్న, మా చినాన్న."

"మీ చిన్నాన్నగారి పెద్దబ్బాయి పేరు?"

"ఆడూ సత్తియ్యేనండి!" అవతలి మనిషి నవ్వాడు. "తాత పేరు ఇద్దరూ వదులుకోలేదు మరి. ఊళ్లో నన్ను పెద సత్తియ్యంటారు, ఆణ్ణి చిన సత్తియ్యంటారు. అప్పట్లో ఇంటికంతటికీ ఇదొక్కటే ఫోనండి, అన్నిచోట్లా ఇదే రాయించేవాళ్లం. ఇప్పుడాడు పట్టిసీమ రేవులో లాంచి నడుపుతున్నాడు. ఆడి రక్తం అదేదో వేరే రకమండి. నిన్న ఫోన్ చేసినాయన నా గ్రూపు అడిగి పెట్టేశాడు. ఆడి గ్రూపు అడిగితే అప్పుడే చెప్పేవాణ్ణిగా!"

గుమ్మంలో కూర్చున్న దుర్గాసాయి లేచి నిలబడ్డాడు. లాజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తను ఎక్కించిన మనిషి నిజంగా ఉన్నందుకు లోపల్లోపలే ఏవో ప్రార్థన మాటలు గొణుక్కున్నాడు.

"ముందు మనిషి, తర్వాత దొంగ," అంది సూర్యకళ. "మేష్టారూ, దుర్గాసాయిని తీసుకుని కారులో పట్టిసీమ వెళ్లండి. సత్తియ్యగారూ, మీ తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేసి రేవులో సిద్ధంగా ఉండమనండి. మీరు చల్లగా ఉండాలి."

---

వాళ్లు వెళ్లేసరికి వీరభద్రుడి గుడికి భక్తుల్ని దింపి లాంచి ఇవతలి రేవుకి చేరుతోంది. చిన సత్తియ్యకి నలభై ఏళ్లుంటాయి, నల్లగా దిట్టంగా ఉన్నాడు. చుక్కాని వేరే మనిషికి అప్పగించి, తువ్వాలు భుజాన వేసుకుని ఇసుకలో గబగబా నడుచుకుంటూ వచ్చాడు. జేబులోంచి ప్లాస్టిక్ తొడుగులో ఉన్న సంఘం కార్డు తీసి చూపించాడు. అంచులు అరిగిపోయినా ఎర్రసిరాతో రాసిన గ్రూపు పేరు స్పష్టంగా ఉంది.

"అన్నయ్య చెప్పాడండి. పదండి, పొద్దున్న అన్నం కూడా తిన్నాను. రక్తమిచ్చేవాడు కడుపు మాడ్చుకోకూడదు కదా!"

దుర్గాసాయి అతని రెండు చేతులూ పట్టేసుకున్నాడు. సత్తియ్య ఇబ్బందిపడిపోయి, "ఛఛ, ఊరుకోండి బాబూ, ఇంకా ఏమీ ఇవ్వలేదుగా," అంటూ అతన్ని కారులో కూర్చోబెట్టాడు.

కొవ్వూరు వంతెన మీదికొచ్చేదాకా సత్తియ్య కిటికీలోంచి నదినే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు ఉన్నట్టుండి అడిగాడు.

"ఆవిడ ఎలా ఉంటారండి?"

"ఎలా ఉండటమేంటి?" అన్నాడు దుర్గాసాయి.

"ఏం లేదండి. నాలాంటి రక్తమున్న ఇంకో మనిషిని నేనింతవరకూ చూళ్లేదు. ఈ గ్రూపని తెలిసిన రోజు డాక్టరు ఏమన్నాడో తెలుసా? నువ్వు ఎవరికైనా ఇవ్వచ్చు గానీ, నీకు దెబ్బ తగిలితే ఇచ్చేవాళ్లు దొరకరు, జాగ్రత్త అన్నాడు. రోజూ ఇంజనూ, ఇనప తాళ్లూ, వరదనీళ్లూ. మా ఆవిడకి చెప్పలేదండి. చెబితే లాంచి ఎక్కనివ్వదు."

"మామూలుగానే ఉంటుందండి," అన్నాడు దుర్గాసాయి, ఏడుస్తూ నవ్వుతూ. "కొంచెం కోపమెక్కువ."

మధ్యాహ్నం రెండింటికల్లా పరీక్షలు ముగిశాయి. నాలుగింటికి డాక్టరమ్మ బయటికొచ్చి, రక్తం సరిపోయిందనీ బ్యాగు సిద్ధంగా ఉందనీ చెప్పింది. శశిభూషణ్ వరండా బల్ల మీద కూలబడి, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక గోడకున్న గడియారానికి పెట్టేశాడు.

---

సాయంత్రం ఐదున్నరకి సంఘం ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టింది సూర్యకళ. జగన్నాథరావు, లాజరు, విజయ్ పాల్, శ్రీసుధ. మోచేతి వంపులో దూది అంటించుకుని చిన సత్తియ్య కూడా వచ్చాడు. శశిభూషణ్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఈ ఘట్టం కోసమే ఆయన ఆమె దగ్గర పనిచేస్తున్నాడని ఆయన్ని ఎరిగినవాళ్లందరికీ తెలుసు.

"ఒక మనిషి పన్నెండు రోజుల తేడాలో రెండుసార్లు రక్తమివ్వలేడు," అని మొదలుపెట్టింది సూర్యకళ. "పట్టికలో మాత్రం ఇచ్చినట్టుంది. అంటే ఆ తొమ్మిది దానాలూ ఒక మనిషివి కావు. చిన సత్తియ్య ఇచ్చిన రక్తాన్ని పెద సత్తియ్య పేరుకి మార్చి, ఆ తర్వాత చిన సత్తియ్యని తీసేశారు. పొరపాటున మీట నొక్కితే ఇలా అవదు. తెలిసినవాళ్లు వరసగా ఆజ్ఞలిచ్చి చేసిన పని. ఇక్కడ ఎస్‌క్యూఎల్ రాయగలిగినవాళ్లు ఇద్దరే ఉన్నారు."

జగన్నాథరావు శ్రీసుధ వైపు చూశాడు.

"తొందరపడకండి. శ్రీసుధా, ఒకే పేరు, ఒకే ఊరు, ఒకే ఫోను ఉండి సంఘం కార్డు నెంబరు వేరైనవాళ్లు కనిపిస్తే నువ్వేం చేశావు?"

"వేరే మనుషులుగానే ఉంచానండి. కార్డు పోయి రెండోది తీసుకుని ఉండొచ్చు, నిజంగా ఇద్దరు మనుషులే అయ్యుండొచ్చు. అందుకని నా లాప్‌టాప్‌లో విడిగా, పేర్లు లేకుండా కార్డు నెంబర్లతో ఒక జాబితా రాసుకున్నాను. ప్రారంభోత్సవం అయ్యాక ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను. ఎవరికీ చూపించలేదు."

"అడిగి తెలుసుకుందామని జాబితా రాసుకున్న మనిషి అడగకుండా తీసేస్తుందా? ఇంకొకటి. మధ్యాహ్నం నేనూ తనూ కూర్చుని పట్టికలో పెట్టిన నిబంధనలన్నీ చూశాం. ఇలాంటి వివరం ఉండాలి, ఇలాంటిది ఉండకూడదు అని కట్టడి చేస్తారే, అవి. పదహారున్నాయి. పదిహేనింటికి తను ఓపిగ్గా పేర్లు పెట్టుకుంది. పదహారోదానికి పేరు పెట్టిన మనిషి లేడు, మిషనే ఏదో అంకెల పేరు తగిలించుకుంది. ఒకే పేరు, ఒకే ఊరు, ఒకే ఫోనుతో ఇద్దరు ఉండటానికి వీల్లేదన్నదే ఆ పదహారో నిబంధన. అలాంటి ఇద్దరు పట్టికలో ఉండగా అది పెడితే మిషను ఒప్పుకోదు. కాబట్టి ముందు వాళ్లలో ఒకళ్లని తీసేయాలి. ఆ నిబంధన ఎవరికి అవసరం? పేరూ ఫోనూ కొట్టగానే ఒక్క మనిషే రావాలనుకున్నవాళ్లకి. ఇద్దరొస్తే ఎర్రక్షరాలు చూపించే యాప్‌కి."

సూర్యకళ పలక బల్ల మీద పెట్టింది.

"ఇక చివరిది. పొద్దున్న ఈ గదిలో అందరూ పోయింది ఒక్క మనిషేనన్నారు. శ్రీసుధ అలాగే అంది, ప్రెసిడెంటుగారూ అలాగే అన్నారు. నలభై ఒక్క పేర్లు గల్లంతయ్యాయన్నది ఒక్కరే. మధ్యాహ్నం నెంబర్ల మధ్య ఖాళీలు లెక్కపెట్టించాను. సరిగ్గా నలభై ఒకటి. శ్రీసుధకి కూడా అప్పుడే తెలిసింది. మరి నీకు పొద్దున్నే ఎలా తెలిసింది, విజయ్ పాల్?"

విజయ్ పాల్ సత్తియ్య చేతిలో ఉన్న సంఘం కార్డు వైపు చూసి, రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

"పది నిమిషాలే ఉందండి. అతిథులు మెట్లెక్కుతున్నారు. తెర మీద ఎర్రక్షరాలు. చూస్తే నలభై ఒక్క జంటలు. ఒకే పేరు, ఒకే ఫోనంటే ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కించారనుకున్నాను. మా ఇంట్లో ఎవరికీ తాతల పేర్లు లేవండి, నాకు తట్టనే లేదు. తెర మీద చీటీ కనపడింది, ఆ లాగిన్‌తోనే కానిచ్చేశాను. నిన్న గొడవైనప్పుడు కూడా అసలు బొంబాయి గ్రూపు మనిషే లేడు, గ్రూపు తప్పుగా ఎక్కించి ఉంటారనుకున్నాను. మనిషి ఉన్నాడని తెలిస్తే చెప్పేసేవాణ్ణండి, దేవుడి మీద ఒట్టు. భయపడి పెన్‌డ్రైవ్ చెరిపేశాను. అది మాత్రం తెలిసే చేశాను."

"తప్పు పది నిమిషాల్లో చేశావు, అది ఎవరైనా చేస్తారు," అంది సూర్యకళ. "ఆ పెన్‌డ్రైవ్ చెరిపినందుకూ, నింద ఈ అమ్మాయి మీదకి తోసినందుకూ సిగ్గుపడు."

జగన్నాథరావు కుర్చీలోంచి లేచాడు. "పోలీసులకి ఫోన్ చేస్తాను! ఇంకొక్క రోజు ఆగి ఉంటే ఒక తల్లి..."

"ఆగండి బాబాయ్‌గారూ," అంది శ్రీసుధ. ఆమె గొంతులో కోపం లేకపోవడం చూసి శశిభూషణ్ ఆశ్చర్యపోయాడు. "పాస్‌వర్డు తెరకి అంటించింది నేను. పైగా ఇంకా నలభైమంది సంగతి తేలాలి. వాళ్ల నెంబర్లు నా జాబితాలో ఉన్నాయి. విజయ్ పాల్‌గారే కూర్చుని ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేసి అడగాలి. అందరూ తేలేదాకా ఈ కుర్చీలోంచి లేవకూడదు."

జగన్నాథరావు ఫోన్ జేబులో పెట్టేశాడు. తర్వాత శ్రీసుధ దగ్గరికొచ్చి, ఆ పెద్ద గొంతు బాగా తగ్గించి, "నోటికొచ్చినట్టు మాట్లాడానమ్మా. మనసులో పెట్టుకోకు. ఇవాళ నువ్వు పరుగెత్తకపోతే నా సంఘానికి ఇన్నేళ్ల మంచిపేరుండి ఏం లాభం?" అన్నాడు. ఆ పసుపు చీటీని తనే పీకి, ముక్కలు చేసి, చెత్తబుట్టలో పడేశాడు.

---

బుధవారం ఉదయం ఎనిమిదీ ఇరవైకి ఆడపిల్ల పుట్టింది. రక్తం బ్యాగు కావాల్సే వచ్చింది. ఆ ఒక్క బ్యాగూ లేకపోతే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

శుక్రవారం పొద్దున్న సూర్యకళ, శశిభూషణ్, శ్రీసుధ ఆస్పత్రికి వెళ్లారు. చిన సత్తియ్య అప్పటికే వచ్చి, డజను అరటిపళ్లు బల్ల మీద పెట్టి, కూర్చోమంటే కూర్చోకుండా తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. విజయ్ పాల్ నలభైమందిలో ముప్పైమందికి ఫోన్లు చేశాడనీ, అందులో ఇరవై ఇళ్లలో నిజంగానే ఇద్దరు మనుషులున్నారనీ, లాజరు పక్కనే కూర్చుని టీలు తాగిస్తూ చేయిస్తున్నాడనీ శ్రీసుధ చెప్పింది.

మంచం మీద హైమ పాలిపోయి ఉంది గానీ, దుర్గాసాయి చెప్పినట్టు కళ్లలో కోపం చెక్కుచెదరలేదు. ఆమె శ్రీసుధని దగ్గరికి పిలిచింది.

"ఆ లాప్‌టాప్ తెచ్చారా? నా పేరు ఎక్కించండి."

"మీ పేరా? మీరిప్పుడెలా ఇస్తారండి? పాప పాలు మానేదాకా తీసుకోనే తీసుకోరు."

"అప్పుడే ఇస్తాను. ఎక్కించడం ఇప్పుడే ఎక్కించండి. మళ్లీ ఎవరైనా తీసేస్తే ఊరుకోను." ఆమె తలుపు వైపు తిరిగింది. "అన్నయ్యా, కారులో మీరన్న మాట మా ఆయన చెప్పారు. ఇకనించీ లాంచి మీద భయపడకండి. మీకేదన్నా అవసరమైతే నేనున్నాను."

అప్పటిదాకా ఎవరు కృతజ్ఞతలు చెప్పినా ఛఛ, ఊరుకోండి అంటూ తప్పించుకు తిరిగిన సత్తియ్య ఈసారి రెండు చేతులూ జోడించి, మళ్లీ విడదీసి, తువ్వాల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చేశాడు. దుర్గాసాయి లేచి అతని భుజం మీద చేయి వేశాడు. సూర్యకళ కిటికీ వైపు తిరిగి, ఖాళీగా ఉన్న పలకనే పదే పదే తుడుస్తోంది.

శ్రీసుధ మంచం అంచున కూర్చుని వివరాలు అడిగి అడిగి ఎక్కించింది. పేరు, ఊరు, ఫోను. ఇంట్లో ఇదే పేరుతో ఇంకెవరైనా ఉన్నారా అని కూడా అడిగింది. అంతా అయ్యాక తెర శశిభూషణ్ వైపు తిప్పింది. కంప్యూటర్లు తెలియకపోయినా ఆయనకి తేలిగ్గానే అర్థమైంది. తొమ్మిదో వరసకి ఎదురుగా ఇప్పుడు ఇద్దరున్నారు.

"మీరు కూడా వచ్చి చూడండి సత్తియ్యగారూ," అన్నాడు ఆయన, జరిగి చోటిస్తూ.